ఎడమ కాలి మీద నింద

సుబ్బలక్ష్మి ఎడమ కాలికి చెడ్డపేరు వచ్చి ఆరు నెలలు కావస్తోంది. అంతకు ముందు యాభై రెండేళ్లపాటు ఆ కాలు ఎవరి జోలికీ పోకుండా, మేడమెట్లు ఎక్కి దిగి, గుడి చుట్టూ ప్రదక్షిణలు చేసి, పరువుగా బతికింది. కారు నేర్చుకుంటానని ఆవిడ అన్న రోజు నుంచే దాని కష్టాలు మొదలయ్యాయి.

"క్లచ్ మీద నుంచి కాలు మెల్లిగా తియ్యమన్నాను. మెల్లిగా! అదేమన్నా సంస్కృతమా, అర్థం కాకపోవడానికి?" అంటాడు పక్క సీట్లోంచి వీరరాఘవరావు.

ఆయన ఆవిడ భర్త. నీటిపారుదల శాఖలో ముప్పై మూడేళ్లు డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాడు. కాలవల గీతలూ గట్ల గీతలూ గీసి గీసి, లోకంలో ప్రతిదీ స్కేలు పెట్టి గీసినట్టు ఉండాలన్న పట్టుదల ఒకటి ఆయనకు మిగిలిపోయింది. మనిషి చెడ్డవాడేం కాదు. కాకపోతే తప్పెక్కడుందో వెతకమంటే ముందు ఎదుటివాళ్ల కాళ్ల వైపే చూస్తాడు.

ఆవిడ కారు నేర్చుకోవాలనుకున్నది సరదాకి కాదు. చిక్కడపల్లిలో వాళ్ల ఇంటి వంటింట్లో రోజూ ఇరవైమందికి కూర, పప్పు, సాంబారు తయారవుతాయి. సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదువుకునే ఆడపిల్లలు అశోక్‌నగర్‌లో ఒక హాస్టల్లో ఉంటారు, వాళ్లకు మధ్యాహ్నం భోజనం ఈవిడ చేతిదే. ఇదివరకు పోచయ్య ఆటోలో క్యారియర్లు వెళ్లేవి. పోచయ్య విద్యానగర్‌లో బడిపిల్లల్ని దింపే పనికి కుదురుకున్నాక ఆ భారం వీరరాఘవరావు మీద పడింది. ఆయన్ని కదిలించాలంటే పేపరు అయిపోవాలి, రెండో కాఫీ అవ్వాలి, కారు తాళాలు ఆయనంతట ఆయనకే దొరకాలి. ఈలోగా పప్పు చల్లారిపోతుంది. ఇలా బతిమాలుకునే బదులు నేనే నడుపుకుంటాను అంది సుబ్బలక్ష్మి ఒకరోజు. అందుకే ఆరు నెలలుగా ఈ పాట్లు.

కారు పద్నాలుగేళ్ల తెల్ల మారుతి. ఆవిడ క్లచ్ వదిలితే చాలు, వెనక ఎవరో తన్నినట్టు ముందుకు దూకుతుంది, రెండుసార్లు వణికి ఆగిపోతుంది. క్యారియర్లో సాంబారు మూతల సందుల్లోంచి బయటికొచ్చి సీటు మీద చేరుతుంది. నిజానికి ఆయన నడిపినా అది ఊగుతూనే ఉంటుంది. అయితే ఆయనకు యాక్సిలరేటర్ బలంగా తొక్కే అలవాటు, ఆ మోతలో ఊపు ఎవరికీ పట్టదు.

నెల కిందట లైసెన్సు పరీక్షకు వెళ్లారు. ట్రాక్ మీద ఎత్తుగా కట్టిన చోట ఆపి, బండి వెనక్కి జారకుండా మళ్లీ కదిలించాలి. మూడుసార్లు కదిలించింది, మూడుసార్లూ ఆగిపోయింది. "ఇంకొంచెం నేర్చుకుని రండమ్మా" అన్నాడు ఇన్‌స్పెక్టరు, మంచిగానే. దారిపొడుగునా వీరరాఘవరావు ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేది. ఇంటికొచ్చి బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పుకుని ఆవిడ బాగా ఏడ్చింది.

రెండేళ్ల కిందట గుడి దగ్గర చెప్పులు పోయినప్పుడు, పోతేపోయాయి, వాటితో నా శని కూడా పోయిందని ఎంతో సంబరపడింది. ఒంట్లో మిగతా భాగాలకు పోయిందేమో గానీ ఈ కాలికి మాత్రం పోలేదు, అనుకుంది పరీక్ష పోయిన రోజు.

మళ్లీ పరీక్ష సోమవారం. నేర్చుకునేవాళ్లకిచ్చే లైసెన్సు గడువు మంగళవారంతో సరి. ఈసారి కూడా బండి ఆగిపోతే తాళం చెవి దేవుడి గూట్లో పెట్టేసి ఇక ఈ జన్మలో స్టీరింగ్ ముట్టుకోనని ఆవిడ గట్టిగా నిర్ణయించుకుంది. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

శుక్రవారం మధ్యాహ్నం క్యారియర్లతో హాస్టల్ ముందుకు రాగానే కారు అలవాటు ప్రకారం దూకి, వణికి, ఆగింది. "క్లచ్! క్లచ్!" అని అరిచాడు వీరరాఘవరావు. వీధిలో పోయేవాళ్లు తిరిగి చూశారు.

క్యారియర్లు అందుకోవడానికి స్వరూప గేటు దగ్గరే నిలబడి ఉంది. ఆ పిల్లది హుస్నాబాద్ దగ్గర ఒక పల్లె. తండ్రి రాములు ట్రాక్టర్లు బాగుచేస్తాడు. తనూ పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివి, నాలుగేళ్లుగా నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూ సెంట్రల్ లైబ్రరీలో ఒక కుర్చీ అరగదీసింది. ఆమె క్యారియర్ అందుకోకుండా కారు ముందు చక్రాల వైపు తలవంచి చూసింది.

"ఆంటీ, మీరు జర దిగుండ్రి. అంకుల్, మీరు స్టీరింగ్ కాడ కూసోండ్రి. హ్యాండ్ బ్రేక్ గుంజి, కుడికాలు బ్రేక్ మీద గట్టిగ పెట్టుండ్రి. బండి స్టార్ట్ చేసి, ఫస్ట్ గేర్ వేసి క్లచ్ కొద్దిగ ఇడువుండ్రి."

"ఎందుకమ్మా?" అన్నాడు ఆయన.

"చెప్త కద అంకుల్."

ఆమె బానెట్ ఎత్తింది. ఆయన క్లచ్ కొద్దిగా వదలగానే లోపల ఇంజను బెత్తెడు పైకి లేచి, కిందపడి, కారంతా గడగడలాడింది.

"చూసిన్రా ఆంటీ? ఇంజన్‌ను బాడీకి పట్టి ఉంచే రబ్బరు దిమ్మలుంటయి. మౌంటింగులంటరు. అవి చినిగిపోయినయి. మీరు క్లచ్ ఇడువంగనే ఇంజన్ ఎగురుతది, బండి దుంకుతది, మీరు భయపడి కాలు తీసేస్తరు, బండి ఆగిపోతది. మీ కాలు తప్పేం లేదు."

మీ కాలు తప్పేం లేదు. ఆరు నెలల్లో ఆ మాట అన్నవాళ్లు లేరు. సుబ్బలక్ష్మి సాంబారు క్యారియర్ కాస్త గట్టిగా పట్టుకుని నిలబడింది.

ప్రతిదానికీ జవాబు తయారుగా ఉండే వీరరాఘవరావు మాత్రం మౌంటింగు అనే మాట వినగానే ఇంజను ఆపేసి, పక్క అద్దంలోంచి గోడను చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి తేరుకుని, "రేపు బంద్. మెకానిక్కులెవరూ షెడ్డు తియ్యరు. ఎల్లుండి ఆదివారం, ఎలాగూ తియ్యరు. పరీక్ష అయ్యాక చూద్దాంలే" అన్నాడు.

ఆ ఏడాది తెలంగాణ కోసం బంద్‌లు వరసగా జరుగుతున్నాయి. ఏ వారం ఏది ఉంటుందో ఏది మూసేస్తారో తెలియదు.

"మెకానిక్ ఎందుకు అంకుల్? రేపు లైబ్రరీ కూడ బందే. నేను ఖాళీనే ఉంట. మా నాయిన ట్రాక్టర్ ఇంజన్లు దించుతుంటే నేను పట్టిన. ఇది గింతంత ఇంజన్" అంది స్వరూప. "ఇయాల సాయంత్రం రెండు మౌంటింగులు కొనుక్కరాండ్రి. వెనకది మంచిగనే ఉన్నది."

"రేపు అష్టమి" అన్నాడు ఆయన.

"అష్టమి నిన్ననే అయిపోయింది" అంది సుబ్బలక్ష్మి. తిథుల విషయంలో ఆ ఇంట్లో ఆవిడ మాటకు ఎదురులేదు.

సాయంత్రం ఆవిడే ఆయన్ని వెంటబెట్టుకుని కోఠి పక్కన పుత్లీబౌలి వెళ్లి, విడిభాగాల కొట్లో కారు నంబరు, ఏడాది చెప్పి, రెండు కొత్త మౌంటింగులు తీసుకుంది. అటూ ఇటూ ఇనుము, మధ్యలో పిడికెడు నల్ల రబ్బరు. ఇంత చిన్న వస్తువా తనను ఆరు నెలలు ఏడిపించింది అని దాన్ని ఒళ్లో పెట్టుకుని తిప్పి తిప్పి చూసుకుంది.

శనివారం పొద్దునకల్లా చిక్కడపల్లి నిద్రపోయినట్టు ఉంది. షట్టర్లన్నీ కిందికే ఉన్నాయి. బస్సులు తిరగాల్సిన పెద్దరోడ్డు మీద పిల్లలు వికెట్లు పాతుకుని క్రికెట్ ఆడుతున్నారు. స్వరూప చున్నీ నడుముకు బిగించి కట్టుకుని వచ్చింది. హ్యాండ్ బ్రేక్ వేయించింది, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టించింది, బ్యాటరీ వైరు ఒకటి ఊడదీసింది.

"ఇంజన్ కింద జాకీ పెట్టి బరువు దాని మీదికి తేవాలె. ఉత్త జాకీ పెడితే ఆయిల్ డబ్బా సొట్టపోతది. నడుమ ఒక చెక్క కావాలె."

వీరరాఘవరావు లోపలికెళ్లి చపాతీపీట పట్టుకొచ్చాడు. సుబ్బలక్ష్మి దాన్ని ఆయన చేతిలోంచి లాక్కుని లోపల పెట్టి, ఆవకాయ జాడీ కింద వేసే పాత పీట తెచ్చి ఇచ్చింది. జాకీ ఎక్కుతుంటే పీట ఇంజను అడుగుకు ఆనుకుని, దాని బరువు మోయడం మొదలుపెట్టింది.

అప్పుడు మొదలైంది వీరరాఘవరావు వింత ప్రవర్తన. "సుబ్బూ, ఆ అమ్మాయికి కాఫీ పెట్టకూడదూ?" అన్నాడు. పెట్టి తెచ్చింది. "పాపం ఆకలేస్తుంటుంది, నాలుగు పెసరట్లు వెయ్యి" అన్నాడు. వేసి తెచ్చింది. "ఇక్కడ దుమ్ము కళ్లలో పడుతుంది, నువ్వు లోపల పడుకో కాసేపు, అలిసిపోయావు" అన్నాడు, ఎంతో ఆప్యాయంగా.

ముప్పై ఏళ్ల కాపురంలో సుబ్బలక్ష్మికి ఒక సంగతి బాగా తెలిసింది. ఈ మనిషి ఇంత ప్రేమ ఒలకబోస్తున్నాడంటే ఎక్కడో ఏదో పాడుచేసి ఉంటాడు. వాకిట్లోకి ఒక స్టూలు లాక్కొచ్చుకుని, కారుకు ఎదురుగా కూర్చుంది.

స్వరూప బోల్టులు విప్పి, జాకీ ఒక చుట్టు ఎక్కించి, మౌంటింగు బయటికి లాగింది. రబ్బరు నిలువునా చినిగి ఉంది.

"ఇదేంది ఆంటీ? చినిగినకాడ ఇంకేందో కుక్కిన్రు."

నూనె కారుతూ, అప్పడంలా నలిగిపోయిన ముక్క ఒకటి ఆమె వేళ్ల మధ్య వేలాడింది. సుబ్బలక్ష్మి దాన్ని తీసుకుని పాతగుడ్డతో తుడిచింది. నలుపు కింద తెలుపు, అంచున ఆకుపచ్చ బయటపడ్డాయి. ఇంకొంచెం తుడిచేసరికి మడమ భాగంలో కాల్చి పెట్టిన గుర్తు కనిపించింది. "సు".

శనివారాలు గుడి ముందు చెప్పుల గుట్టలో తనవి తను పోల్చుకోవడానికి, కొన్నరోజే పొయ్యి మీద దబ్బనం కాల్చి ఆవిడ తన చేత్తో వేసుకున్న అక్షరం అది.

"ఏమండీ" అంది.

వీరరాఘవరావు ఆకాశం వైపు చూశాడు. అక్కడ మబ్బైనా లేదు, చూడటానికి ఏమీ దొరకలేదు.

"ఇది నా చెప్పు."

"అయ్యుండొచ్చు" అన్నాడు ఆయన.

"నన్ను వెంకటేశ్వరస్వామి గుడి దగ్గర దింపి, చెప్పులు నేను చూస్తానన్నారు. వచ్చేసరికి లేవు. టీ తాగడానికి వెళ్తే ఎవరో ఎత్తుకెళ్లారన్నారు. ఉత్తకాళ్లతో ఇంటికొచ్చాను."

"ఆ రోజు బండి మరీ ఊగింది సుబ్బూ. గుడి పక్క సందులో ఒక మెకానిక్కు చూసి, మౌంటింగ్ పోయింది, ఏదైనా రబ్బరు ముక్కుంటే ప్రస్తుతానికి ఇరికిస్తాను సార్ అన్నాడు. చుట్టూ చూశాను. నీ చెప్పులున్నాయి."

"మీ చెప్పులో?"

"నావి తోలువి."

స్వరూప గబుక్కున బానెట్ కిందికి తల దూర్చేసింది. భుజాలు కదలడం మాత్రం దాచుకోలేకపోయింది.

"వారంలో కొత్తవి వేయిద్దామనుకున్నాను. ఆ తర్వాత బండి బాగానే నడిచింది, మర్చిపోయాను. నిన్న ఈ అమ్మాయి మౌంటింగ్ అనేదాకా నిజంగా గుర్తులేదు, ఒట్టు."

"నిన్నే చెప్పొచ్చుగా?"

"చెప్పులు పోయి శని వదిలిందని రెండేళ్లుగా సంతోషంగా ఉన్నావు. ఎందుకు చెడగొట్టడం అని..."

"వదల్లేదు. కారులోనే పెట్టుకుని తిప్పుతున్నారు. రెండో చెప్పేదీ?"

ఆయన ఇంజను రెండో పక్కకు వేలు చూపించాడు.

అదీ బయటికొచ్చింది. సుబ్బలక్ష్మి రెండింటినీ గట్టు మీద పక్కపక్కన పెట్టింది. చెప్పుల విషయంలో కోపం వచ్చిన మాట నిజమే గానీ అది నిలవలేదు. దాని కింద నుంచి ఇంకోటి పొంగుకొచ్చింది. పొద్దున్నే వంట చేసి, సాయంత్రాలు ఖాళీ వీధుల్లో కాలు వణుకుతుండగా క్లచ్ తొక్కి, రాత్రి మంచం మీద పడుకుని కూడా గాల్లో మెల్లిగా కాలు ఎత్తి దించి అభ్యాసం చేసింది. మొద్దుకాలు, మట్టికాలు అని తనే దాన్ని తిట్టుకుంది.

"చెప్పుల సంగతి పోనివ్వండి" అంది. "నా కాలిని ఆరు నెలలు తిట్టారు. నన్ను కూడా దాన్ని తిట్టుకునేలా చేశారు. దానికేం చెప్తారు?"

వీరరాఘవరావు చేతిలో స్పానరు అటూ ఇటూ తిప్పాడు. జవాబు మాత్రం వంకర లేకుండానే వచ్చింది.

"నీ కాలు తప్పు లేదు. తప్పు నాది. నేను చూడాల్సింది చూడకుండా నిన్ను అన్నాను."

పరాయిపిల్ల ముందు ఆయన అంత మాట అనడం ఆవిడ ఎన్నడూ వినలేదు. కొంగుతో కళ్లు తుడుచుకుని, "సరే, ముందు పని కానివ్వండి. పెసరట్లు చల్లారిపోతున్నాయి" అంది.

ఆ తర్వాత పని చకచకా సాగింది. "బోల్టులన్నీ ముందుగాల చేత్తోనే తిప్పాలె. ఒక్కటి బిగించేస్తే ఇంకోటి ఎక్కది" అంది స్వరూప. ఒక పక్క కూర్చున్నాక రెండో పక్క బోల్టు రంధ్రంలోకి పోనంది. అక్కడ మాత్రం వీరరాఘవరావు ముప్పై మూడేళ్ల విద్య అక్కరకొచ్చింది. ఒక కన్ను మూసుకుని నేల మీద వెల్లకిలా పడుకుని, అంగుళంలో ఎనిమిదో వంతైన నూలు లెక్కన, "ఒక నూలు పైకి... చాలు, చాలు... అర నూలు కిందికి" అని చెబుతుంటే సుబ్బలక్ష్మి జాకీ తిప్పింది, స్వరూప బోల్టు తోసింది. అది జర్రున లోపలికి పోయింది. ముగ్గురూ ఒక్కసారే అరిచారు. క్రికెట్ ఆడే పిల్లలు ఎవరు అవుటయ్యారా అని తిరిగి చూశారు.

మధ్యాహ్నం క్యారియర్లు సర్దుకుని సుబ్బలక్ష్మి స్టీరింగ్ ముందు కూర్చుంది. ఎప్పట్లా ముందు సీటు తలుపు తీయబోయిన భర్తను, "మీరు వెనక. సాంబారు ఒళ్లో పెట్టుకోండి" అంది. ముందు స్వరూప కూర్చుంది. ఆ పిల్లకు లైసెన్సు ఉంది, అంకుల్‌కన్నా తక్కువ మాట్లాడుతుంది కూడా.

ఆవిడ క్లచ్ వదలడం మొదలుపెట్టింది. దూకుతుందని భుజాలు ముందే బిగుసుకున్నాయి. కారు దూకలేదు. ఎప్పుడు కదిలిందో కూడా తెలియనట్టు కదిలి, వాకిలి దాటి వీధిలోకి వచ్చేసింది.

"అయ్యో, నడుస్తోంది!" అంది.

"మీరే నడుపుతున్నరు ఆంటీ" అంది స్వరూప.

హాస్టల్లో భోజనాలు ఇచ్చేసి, ఎత్తు మీద కూడా చూసుకోవాలని నారాయణగూడ ఫ్లైఓవర్ వైపు తిప్పింది. ఫ్లైఓవర్ మొదట్లో జెండాలు పట్టుకుని కొందరు కూర్చుని ఉన్నారు. ఒకాయన లేచి చెయ్యి అడ్డం పెట్టాడు.

"బంద్ అని ఎరకలేదా అమ్మా? బండ్లు నడవొద్దు."

స్వరూప అద్దం దించింది. "అన్నా, ఆంటీకి సోమవారం లైసెన్స్ పరీక్ష. చడావ్ మీద ఆపి ఎక్కించుడు నేర్చుకుంటున్నది. జర ఒక్కసారి పోనియ్యి."

ఆయన వెనక్కి తిరిగి మిగతావాళ్లతో ఏదో మాట్లాడాడు. "సరే పోండ్రి. గని ఒక్కటే సారి" అన్నాడు.

ఎత్తు మధ్యలో ఆవిడ కారు ఆపింది. చుట్టూ నిశ్శబ్దం. వెనక సీట్లో ఒక మనిషి ఊపిరి బిగపట్టడం వినిపించింది, నోరు మాత్రం విప్పలేదు. ఎడమ కాలు మెల్లిగా పైకొచ్చింది. కారు ఒక్క వేలెడు కూడా వెనక్కి జారకుండా పైకి పోయింది. కింద జెండాలవాళ్లు చప్పట్లు కొట్టారు. "అమ్మా, మల్లొకసారి!" అని ఒకడు అరిచాడు. దాంతో మళ్లీ ఒకసారి, ఆ మీదట ఇంకో నాలుగుసార్లు ఎక్కించింది.

సోమవారం ట్రాక్ మీద ఎత్తు దగ్గరికి వచ్చింది. పోయిననెలలో ఆగిన చోటే ఆపింది. తప్పు నీది కాదు అని తన కాలికి తనే లోపల చెప్పుకుంది. క్లచ్ వదిలింది. బండి ఎత్తెక్కి, దిగి, ఆ చివరిదాకా వెళ్లింది. ఇన్‌స్పెక్టరు కాగితం మీద టిక్కు పెట్టి, "బాగా నేర్చుకున్నారమ్మా. ఎవరు నేర్పారు?" అని అడిగాడు.

సుబ్బలక్ష్మి కంచె అవతల నిలబడ్డ భర్త వైపు చూసింది. ఆయన తల దించుకున్నాడు.

"మా హాస్టల్ అమ్మాయి" అంది.

ఆ తర్వాత శనివారం ఆవిడే కారు నడుపుకుని గుడికి వెళ్లింది. గుడి ముందు ఆపి, దిగి, కొత్త హవాయి చెప్పులు విప్పి, కింద పెట్టకుండా వీరరాఘవరావు చేతుల్లో పెట్టింది.

"టీ తాగడానికి వెళ్లకండి" అంది.

దర్శనం, ప్రదక్షిణలు అయ్యేసరికి అరగంట పైనే పట్టింది. బయటికొచ్చి చూస్తే ఆయన కారు పక్కన అక్కడే నిలబడి ఉన్నాడు, కుడి చేత్తో ఒక చెప్పు, ఎడమ చేత్తో ఒక చెప్పు పట్టుకుని. పూలమ్మే ఆవిడ నవ్వుతోంది. తెలిసినవాళ్లిద్దరు పలకరించి వెళ్లారట, నమస్కారం పెట్టడానికి చేతులు ఖాళీ లేవట.

"ఇవిగో, రెండూ ఉన్నాయి" అన్నాడు.

"ముందు ఎడమది" అంది సుబ్బలక్ష్మి.

ఆయన వంగి, ఎడమ చెప్పు ఆవిడ కాలి ముందు తిన్నగా పెట్టాడు.